ఆదివారం చదివిన పేర్లు



ఈ వారం ధ్యానానికి ముందు మేము చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి. మొన్న మన ఏజెన్సీ ఊళ్లలో సికిల్ సెల్ రక్త పరీక్షలు చేశారు గదా. ఆదివారం అందరూ ఒకచోట దొరుకుతారని ఏఎన్‌ఎం అక్క కార్డులు మందిరంలో ఇచ్చి వెళ్లింది. ఆరాధన ముగిశాక, ప్రకటనలతో కలిపి, ఎవరెవరికి ఆ లక్షణం ఉందో పేర్లు చదివేశాం. మంచిపనే అనుకున్నాం. వెనక వరుసలో ఒక మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. మర్నాడే మన యవ్వనస్థుల్లో ఒక తమ్ముణ్ణి పనిలోకి రావద్దన్నాడు. "రక్తంలో జబ్బున్నోణ్ణి పైకెక్కిస్తే, రేపేదైనా అయితే నా మీదకొస్తాది" అన్నాడట.

ఆ తమ్ముడికి జబ్బు లేదు. అమ్మ వైపు నుంచో నాన్న వైపు నుంచో ఒక్క జన్యువు వచ్చింది, అంతే. అలాంటివారిని వాహకులంటారు. మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. మండుటెండలో బరువు పని చేసేటప్పుడు నీళ్లు తాగుతూ, మధ్యలో ఆగుతూ చేసుకోవాలి (ఆ మాట మనందరికీ పనికొచ్చేదే). ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. కార్డు ఇచ్చేది అందుకు, కూలి ఆపడానికి కాదు.

ఇది మనతో మొదలైన తప్పు కాదు. 1970లలో అమెరికాలో నల్లజాతివారికి ఇవే పరీక్షలు చేసి, ఏ జబ్బూ లేని వాహకులకు కూడా ఉద్యోగాలు ఇవ్వకుండా ఆపారు. అక్కడి వైమానిక దళ అకాడమీ 1981 వరకు వారిని చేర్చుకోలేదు. చివరికి 2008లో జినా అనే చట్టం చేశారు. 15 మందీ అంతకు మించీ పనిచేసే చోట జన్యువుల సంగతి చూసి ఒకరిని తీసుకోకపోవడం, తీసేయడం చట్టవిరుద్ధం. మీ ఇంట్లో ఎవరికే జబ్బుందని అడగడం కూడా కుదరదు.

మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. హెచ్‌ఐవీ ఉన్నవారిని పనిలోంచి తీసేయకుండా 2017లో ఒకటి వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ జబ్బును చేర్చారు. కానీ వాహకుడు రోగీ కాడు, వికలాంగుడూ కాడు. జబ్బున్నవాడు చూపించుకోవడానికి ఒక కాగితమైనా ఉంది, జబ్బులేని మన తమ్ముడికి అదీ లేదు.

యోహాను సువార్త 9వ అధ్యాయం మీద మేము చాలాసార్లు ప్రసంగించాం. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, పాపం వీడిదా, కన్నవాళ్లదా అని శిష్యులు అడగడం దగ్గరే ఎక్కువసేపు ఆగేవాళ్లం. చూపొచ్చాక కూడా వాణ్ణి బయటికి తోసేశారన్న సంగతి గబగబా దాటేసేవాళ్లం. ఈ వారం అక్కడే ఆగిపోయాం.

సంఘ పెద్దలిద్దరితో కలిసి మేస్త్రీ ఇంటికి వెళ్లాం. ఏఎన్‌ఎం అక్క కూడా వచ్చి విడమరచి చెప్పింది. ఆలోచిస్తానన్నాడు. ఇంకా పిలవలేదు. తర్వాత తమ్ముడి ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాం. వాళ్లమ్మ టీ ఇచ్చి, నెమ్మదిగా, "అయ్యగారూ, చెల్లి పేరు కూడా చదివారు గదా, దానికి సంబంధాలు చూస్తన్నాం" అంది. మేము ఏమీ అనలేకపోయాం.

ఇంకా పదకొండు కార్డులు మిగిలాయి. కవర్లలో పెట్టి అంటించి ఏఎన్‌ఎం అక్కకు తిరిగి ఇచ్చేశాం. ఇంటికే వచ్చి ఇస్తుంది. అవి ఎవరివని దయచేసి మమ్మల్ని అడగవద్దు.