పని ముగిసిన తరువాతి ఇల్లు

గోదావరిఖని చేరువలోని 8 ఇంక్లైన్ కాలనీ, బొగ్గు పొరను చేరడానికి భూమిలోకి వాలుగా తవ్విన సొరంగాన్ని, అంటే ఇంక్లైన్‌ను, దాని అంకెతో సహా తన పేరులో నిలుపుకున్నది. బొగ్గు గనులు నడిపే సింగరేణి సంస్థ కట్టించిన క్వార్టర్ల మధ్య నడిచే సందర్శకుడికి మొదట ఒకే కొలత గోడలే కనిపించినా, కాపురమున్నవారు చేర్చుకున్న రేకుల పందిరి, మల్లె తీగ, తులసి గద్దె ఏ వాకిలికి ఆ వాకిలిని వేరుచేసి చూపుతాయి. ఇంత మమకారంతో దిద్దుకున్న ఇల్లు ఉద్యోగంతో వచ్చి ఉద్యోగంతోనే పోతుంది. 2021లో 61 ఏళ్లకు పెరిగిన విరమణ వయసు రాగానే, దశాబ్దాల పాటు బొగ్గు బాయిలో దిగిన కార్మికుడైనా క్వార్టర్ అప్పగించవలసిందే. తరువాతి కార్మికుడికి చోటు కావాలి గనుక నియమం సబబైనదే, కానీ ముసలి దంపతులు ఎక్కడికి వెళ్లాలన్నది దానితో తేలదు.

ఆ ప్రశ్నకు పాత జవాబు ఒకటి ఇంగ్లండులో ఉన్నది. తెలుగు నేలపై సత్రం బాటసారికి కొన్నాళ్ల ఆశ్రయమైతే, అక్కడి ఆమ్స్‌హౌస్ అనే ధర్మగృహం పేద వృద్ధులకు జీవితాంతం నిలిచే నివాసం. వించెస్టర్‌లో బిషప్ హెన్రీ 12వ శతాబ్దంలో స్థాపించిన సెయింట్ క్రాస్‌లో, 15వ శతాబ్దంలో కార్డినల్ బోఫర్ట్ విస్తరింపజేసిన వసతి వరుస పచ్చిక ముంగిలి అంచున సాగగా, కప్పు మీద బారులు తీరిన ఎత్తైన పొగగొట్టాలు లోపల ఎవరి పొయ్యి వారికున్నదని బయటికే తెలుపుతాయి. దానం పుచ్చుకునేవారిని ఒకే పెద్ద గదిలో కుక్కకుండా, ఒక్కొక్కరికీ సొంత తలుపు, సొంత నిప్పు ఇచ్చిన ఈ ఏర్పాటు వాస్తుశిల్పంలో గౌరవానికి చోటిచ్చింది.

గోదావరిఖనికి మరింత దగ్గరి పాఠం డర్హమ్ బొగ్గు ప్రాంతానిది. అక్కడా గని ఇల్లు పనితోనే పోయేది గనుక, 1898లో గని కార్మికుడూ మత బోధకుడూ అయిన జోసెఫ్ హాపర్ చొరవతో వృద్ధ కార్మికుల గృహ సంఘం ఏర్పడింది. కార్మికులు తమ కూలిలోంచి ఇచ్చిన చందాలతో నడిచిన ఆ సంఘం, హాస్వెల్ మూర్‌లో మూతపడిన గని తాలూకు ఇళ్లను తీసుకుని తొలి నివాసాలుగా మార్చింది.

1990ల తొలినాళ్లలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు దాదాపు 40 వేలకు తగ్గింది. కార్మికులు ఇంతగా తగ్గినందున, మెట్లెక్కే అవసరం లేని కింది అంతస్తు క్వార్టర్లలో ఖాళీ అయినవాటిని ముందుగా గుర్తించి, మరమ్మతు చేసి, విరమణ పొందిన ఒంటరివారికి నామమాత్రపు అద్దెకు ఇవ్వడం సాధ్యమే. వారి చికిత్సకు సంస్థ ఏరియా ఆసుపత్రి గోదావరిఖనిలోనే ఉన్నది.