అపార్ట్ అంటే వేరు

అపార్ట్‌మెంట్ ఇప్పుడు తెలుగు మాటే. బడి మొహం చూడని మా నానీమాలు కూడా అంటారు. కానీ ఆ మాట కడుపులో ఏముందో మాకు టులెట్ బోర్డులే విప్పి చెప్పాయి.

ఇంగ్లీషులో అపార్ట్ అంటే వేరుగా, ఎడంగా. దాని వేరు లాటిన్‌లో ఉంది. అక్కడ 'పార్స్' అంటే భాగం. ఇటాలియన్‌లో 'అప్పర్తారే' అంటే పక్కకి తీసి ఉంచడం. పెద్ద ఇంట్లో ఒకరికోసం విడిగా ఉంచిన గదులు 'అప్పర్తమెంతో'. అదే ఫ్రెంచి మీదుగా అపార్ట్‌మెంట్ అయింది.

అదే అపార్ట్ దక్షిణాఫ్రికాలో ఇంకో బిడ్డని కన్నది. అపార్థైడ్. అంటే వేరుతనం. 1948లో గద్దెనెక్కిన నేషనల్ పార్టీ దాన్ని రాజ్యనీతి చేసింది. ఏ రంగువాళ్లు ఏ పేటలో బతకాలో 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టంతో గీత గీసింది. 1991లో ఆ చట్టం రద్దయింది.

మా ఊళ్లలో అట్లాంటి చట్టమేం లేదు. అక్కర్లేదు. పేరు చాలు. ఫోన్లో 'ఖాళీగానే ఉంది, వచ్చి చూసుకోండి' అన్న గొంతు, పేరు చెప్పగానే మారిపోతుంది. 'నిన్ననే అడ్వాన్సు తీసుకున్నామండీ.' 'వెజిటేరియన్లకే ఇస్తామండీ.' ఆదివారం ఆ వంటింట్లోంచే కోడికూర వాసన వీధంతా కమ్ముకుంటుంది. అద్దెకైనా కొనడానికైనా ముస్లింలకి ఇల్లు దొరకని ఈ బాధ 2006 నాటి సచార్ కమిటీ నివేదికలోకీ ఎక్కింది.

ఇంతా చేసి మమ్మల్నే అడుగుతారు: మీరంతా ఒక్కచోటే గుంపుగా ఎందుకుంటారు? మాలో ఎందుకు కలవరు?

ఆ గుంపుకి మా దగ్గరో మాటుంది. మొహల్లా. అరబ్బీలో దాని మూలానికి అర్థం ప్రయాణంలో దిగడం, ఆగడం. మొహల్లా అంటే వెలివేసిన చోటు కాదు. బతుకు బరువు దించుకున్న చోటు. రానిచ్చిన చోటే కదా ఎవరైనా దిగేది?

వేరుగా ఉండటం మాకేం సిగ్గు కాదు. మా నమాజు వేరు. మా పండగ వేరు. మాలో చాలామందికి ఇంటిభాషా వేరే. అపార్ట్‌మెంట్ పాత అర్థంలో ఇది తప్పు కాదు: ఒకే కప్పు కింద ఎవరి గదులు వాళ్లవి. మేం అడిగేది ఆ గది. మీరు కాదంటున్నది మొత్తం ఇంటినే.

మెట్ల మీదే నిలబెట్టి, లోపలికొచ్చి కలవలేదంటే ఎట్లా?