పాటలు: గ్రామీణ స్త్రీలు

నా డాక్యుమెంటరీని ఎవరో నెట్‌లో పెట్టేశారని తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదు. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు పాడే ముసలమ్మల్ని వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగి, గాజులు తాకట్టు పెట్టి తీసిన సినిమా. పైగా నా పేరున్న టైటిల్స్ కత్తిరించేశారు. సినిమా పోయినదానికంటే పేరు పోయినందుకే ఎక్కువ మండింది. ఆడవాళ్ళ పనికి పేరు లేకపోవడం మనకేమీ కొత్త కాదనుకోండి.

అప్పుడు నీనా పేలీ గుర్తొచ్చింది. అమెరికన్ యానిమేటర్. ఉద్యోగం మీద తిరువనంతపురం వచ్చిన భర్త ఆమెను ఈమెయిల్లో వదిలేశాడు. ఆ దుఃఖంలోంచి పుట్టిన సినిమా 'సీతా సింగ్స్ ద బ్లూస్' (2008). ఏళ్ళ తరబడి ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కతే గీసింది. అందులో సీత 1920ల నాటి ఆనెట్ హాన్షా గొంతుతో పాడుతుంది. హాన్షా 1985లోనే చనిపోయింది. పాటల రచన మీద హక్కులు మాత్రం కంపెనీల చేతుల్లో ఉన్నాయి. వాళ్ళు మొదట రెండు లక్షల ఇరవై వేల డాలర్ల దాకా అడిగి, చివరికి యాభై వేలకు దిగారు. ఆవిడ అప్పు చేసి కట్టింది. కట్టి, 2009లో తన సినిమాను ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా అని వదిలేసింది. 2013లో మిగిలిన షరతులూ తీసేసింది. అయితే కాపీ చేయడం వేరు, పేరు చెరిపేయడం వేరు అని కూడా ఆవిడే అంటుంది.

నాకంత ధైర్యం లేదు. ఆమాటకొస్తే వదిలేయడానికైనా మనదై ఉండాలి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు కర్త నిర్మాతే, దర్శకురాలు కాదు. నిర్మాతనూ నేనే కాబట్టి నాకీ మీమాంస. జీతానికి సినిమాలు తీసే అమ్మాయిలకు అదీ లేదు.

తీసేయమని ఫిర్యాదు చేద్దామని ఫారం తెరిచాను. 'ఈ రచనకు యజమాని మీరేనా?' అని మొదటి ప్రశ్న. అవునని నొక్కబోయి ఆగాను. పాట ఎవరు నేర్పారని షూటింగులో అడిగితే, "మా అత్త, పిండి దంచేటప్పుడు. నువ్వూ ఎత్తుకుపో తల్లీ, తరిగిపోద్దా?" అని నవ్విన ముసలమ్మ గుర్తొచ్చింది. ఆవిడకు నేనిచ్చింది ఒక చీర, ఐదువందల రూపాయలు. సీడీ పంపుతానన్నాను. పంపలేదు.

మర్నాడు ఆవిడ మనవరాలు ఫోన్ చేసింది. "మా నాయనమ్మ సెల్లులో తనను తాను చూసుకుంది మేడమ్, నాలుగుసార్లు పెట్టించుకుంది." చూసింది ఆ దొంగ కాపీయే.

పెట్టినవాళ్ళకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. సినిమా ఉంచుకోండి, పేర్లు మాత్రం తిరిగి పెట్టండి అని. జాబితా కోసం నా అసలు టైటిల్స్ తీసి చూశాను. దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్, అన్నింటికీ పేర్లున్నాయి. ఆ తర్వాత 'పాటలు: గ్రామీణ స్త్రీలు' అని ఉంది.

రాసింది నేనే. ఉత్తరం పక్కన పెట్టి మనవరాలికి ఫోన్ చేశాను, నాయనమ్మ పూర్తి పేరేమిటని.