పరిశోధన పత్రము: మాటకొక మూలము

పరిశోధనను ఉర్దూలో ‘తహఖీఖ్’ అంటారు. సత్యమనే అర్థముగల ‘హఖ్’తో చుట్టరికమున్న మాట అది. తెలుగులోని ‘పరిశోధన’లో వెదకుట, శుద్ధిచేయుట అనే రెండర్థాలూ ఇమిడి ఉన్నాయి. రెండు భాషలూ ఒకే వరండాలో వినిపించే మా కళాశాలలో ఈ రెండు పదాలనూ ప్రక్కప్రక్కన ఉంచి చూచుకొనే భాగ్యము మాకున్నది. సత్యమును వెదకి, వెదకినదానిని శుద్ధిచేసి, పదిమంది పరీక్షించుటకు వీలుగా కాగితముపై పెట్టడమే పరిశోధన పత్ర రచన.

ప్రతి సంవత్సరమూ విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలు మా బల్లమీదికి వస్తాయి. అట్టలు అందముగా ఉంటాయి. అక్షరాలు ముత్యాలవలె ఉంటాయి. కాని పది నివేదికలను వరుసగా చదివితే, ఊరి పేరు మాత్రమే మారి, తక్కిన వాక్యాలన్నీ కవల పిల్లలవలె కనిపిస్తాయి. “మన దేశము వ్యవసాయిక దేశము” అని మొదలై, “ప్రభుత్వము తగు చర్యలు తీసుకొనవలెను” అని ముగుస్తాయి. నడుమ ఆ ఊరు లేదు, ఆ ఊరి రైతు లేడు, వ్రాసిన విద్యార్థీ లేడు. విద్యార్థి మిత్రులతో ఈ నాలుగు మాటలు పంచుకొనవలెనని మాకు తోచినది అందువల్లనే.

పత్రము ఎట్లుండవలెనో తెలిసికొనుటకు మనము దూరదేశాలకు పోనక్కరలేదు. 2000వ సంవత్సరము ఖరీఫులో మన అనంతపురము సీమలో వేరుశనగ పైరు లేత వయస్సులోనే మాడిపోయింది. సుమారు రెండు లక్షల ఇరవై అయిదువేల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టము మూడువందల కోట్ల రూపాయలు దాటినట్లు అంచనా వేశారు. పైకి చూస్తే అది రైతులెరిగిన మొవ్వు కుళ్ళు తెగులును పోలి ఉంది. శాస్త్రజ్ఞులు ఆ పోలికతో తృప్తిపడలేదు. రోగపు మొక్కలను తెచ్చి పరీక్షించి, అది టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చి, 2002లో ‘ప్లాంట్ డిసీజ్’ అనే పత్రికలో ప్రకటించారు. ఆ వైరస్‌కు నిలయము పొలముగట్లపై పెరిగే వయ్యారిభామ మొక్క అనీ, దాని పుప్పొడి తామర పురుగుల ద్వారా పైరుకు చేరి తెగులును అంటిస్తుందనీ 2003లో వెలువడిన మరొక పత్రము నిరూపించింది. వయ్యారిభామను పూతకు ముందే పెరికివేయండి, పొలముచుట్టూ జొన్న గాని సజ్జ గాని నాలుగు వరుసలు వేయండి అని రైతుకు చెప్పగలుగుటకు ఆధారము ఇటువంటి పత్రాలే. తెగులు పేరు తప్పయితే మందూ తప్పయ్యేది.

పత్రములోని భాగాలు ఈ కథలోనే ఉన్నాయి. ఏమి జరిగింది, ఇంతకుముందు ఎవరేమి కనుగొన్నారు, మన ప్రశ్న ఏమిటి అన్నది ఉపోద్ఘాతము. ఎక్కడ, ఎప్పుడు, ఎన్నింటిని, ఏ పద్ధతిలో పరీక్షించామన్నది విధానము. దానిని చదివి మరొకరు అదే పనిని మరల చేయగలగాలి. కనిపించినదానిని కనిపించినట్లు చెప్పడము ఫలితాలు. దానికి మన వివరణ చర్చ. ఫలితాలను, చర్చను కలగాపులగము చేయరాదు. చూచినది వేరు, అనుకొన్నది వేరు. వీటన్నిటి సారాంశమును రెండువందల మాటలలోపు చెప్పి ముందు ఉంచాలి, కాని దానిని అన్నిటికంటె చివర వ్రాయాలి. పట్టికలకు సంఖ్య, శీర్షిక ఉండాలి. వర్షమును మిల్లీమీటర్లలో చెప్పారా, పదునులలో చెప్పారా అన్నది స్పష్టము కావాలి. “చాలామంది రైతులు” అనరాదు. నలభైమందిని అడుగగా ఎందరన్నారో చెప్పాలి.

ఇక ఆధారాల మాట. హదీసులను సేకరించిన పెద్దలు ఒక మాటను స్వీకరించే ముందు, అది ఎవరి నోట విన్నది, ఆయన ఎవరి నోట విన్నాడు అని గొలుసును పరీక్షించేవారు. ఆ గొలుసు పేరు ‘ఇస్నాద్’. మన తెలుగువాడైన వ్యాఖ్యాత కోలాచలము మల్లినాథసూరి, మూలము లేనిదేదీ వ్రాయబోనని తన వ్యాఖ్యానానికి ముందే ప్రతిన పూనాడు. రెండు సంప్రదాయాలూ చెప్పినది ఒకటే. ఉర్దూ రచయితలు ‘హవాలా’ అనేదీ, మనము ఆధారసూచిక అనేదీ అదే. 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము గ్రంథచౌర్యముపై నిబంధనలు చేసింది. పదిశాతము దాటిన పోలికను తప్పుగా ఎంచి, అరవైశాతము దాటితే ఆ పరిశోధకుని నమోదునే రద్దు చేయవచ్చునన్నది. శిక్షకు భయపడి కాక, ఇతరుల కష్టమును తనదని చెప్పుకొనుట తగదని ఆధారమును చూపేవాడే పరిశోధకుడు.

ఒకసారి కరవుపై నివేదిక వ్రాసిన విద్యార్థి ఒకడు, మాటల సందర్భములో, తన తాతగారు వాన పడిన తేదీలను, విత్తనము వేసిన దినాలను ఖాతా పుస్తకములో వ్రాసుకొనేవారని చెప్పాడు. నివేదికలో దాని ఊసే లేదు. ఎందుకు చేర్చలేదని అడిగాము. “అది అచ్చుపుస్తకం కాదు కదా సార్!” అన్నాడు. మాకు మనస్సు చివుక్కుమన్నది. సాలీనా సగటున అయిదువందల యాభై మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచే ఈ నేలపై, ఒక సేద్యగాడు ఏటేటా తన చేతితో వ్రాసిన లెక్కకంటె అపురూపమైన ఆధారమేది? వ్రాసినవారెవరు, ఏ సంవత్సరాలకు చెందినది, ఇప్పుడెవరివద్ద ఉన్నది అని సూచించి, ఇంటివారి అనుమతితో దానిని నిస్సంకోచముగా ఉదాహరించవచ్చును. జిల్లా వర్షపాత పట్టికతో సరిపోల్చి, ఎక్కడ భేదించిందో చెప్పవచ్చును. అదే ఆ నివేదికకు ప్రాణమయ్యేది.

కనుక మిత్రులారా, ఈ యేడు మీ నివేదికలకు అంశమును మీ ఊరిలోనే వెదకండి. ఎండిన బోర్లెన్ని, ఎన్ని అడుగులకు నీరు పడింది, బెంగుళూరుకు వలస పోయిన ఇండ్లెన్ని, దర్గా ఉరుసుకు వచ్చేవారికి నీరెక్కడినుండి తెస్తారు — ఇవన్నీ ప్రశ్నలే. చిన్న ప్రశ్నను తీసుకొని, పూర్తిగా అడిగి, విన్నదానిని విన్నట్లు వ్రాసి, ప్రతి మాటకూ మూలమును చూపండి. తెలుగులో వ్రాసినా, ఉర్దూలో వ్రాసినా మేము ఆదరముతో చదువుతాము. మీరు వ్రాయకపోతే ఈ ఊళ్ళ సంగతి వ్రాయుటకు మరొకరు రారు.