ముందు నొక్కింది ఎవరు?

ఉగాదికి మన హోసూరు పిల్లలకు పెట్టిన క్విజ్‌లో మొదటి బహుమతి గురించి మేమొక మాట చెప్పాలి. తప్పు మాదే.

రెండు జట్లు, రెండు బటన్లు, ఒక పాత కంప్యూటర్. ఎవరు ముందు నొక్కారో తేల్చే ప్రోగ్రాం మేమిద్దరం రాశాం. ప్రాసెసర్‌లో టైమ్ స్టాంప్ కౌంటర్ అని ఒకటుంటుంది. 1993లో పెంటియంతో వచ్చింది. కంప్యూటర్ మొదలైనప్పటి నుంచి టిక్కుకు ఒకటి చొప్పున లెక్క పెంచుకుంటూ పోతుంది. ఆర్‌డీటీఎస్‌సీ అనే ఒక్క ఆదేశంతో మామూలు ప్రోగ్రాం కూడా దాన్ని చదవొచ్చు, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగనక్కర్లేదు. ఇంతకన్నా వేగంగా సమయం చెప్పేది ఇంకేముందని మురిసిపోయాం.

చివరి ప్రశ్నకు ఇద్దరు పిల్లలు దాదాపు ఒకేసారి నొక్కారు. ఎడమ జట్టుదే గెలుపని తెర మీద వచ్చింది. కుడి జట్టు పాప లేచి, "నేనే ముందర నొక్కితిని అన్నా" అంది.

"కంప్యూటర్ తప్పు చెప్పదమ్మా" అన్నాం. పాప తల వంచుకుని కూర్చుంది.

మరుసటి రోజు ఒక అక్క ఫోన్‌లో తీసిన వీడియో పంపారు. ముందు పడింది పాప వేలే.

మళ్లీ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాం. అందులో రెండు కోర్లు, దేని కౌంటర్ దానిదే. పాత ప్రాసెసర్లలో పని లేని కోర్ గాఢ నిద్రలోకి జారితే దాని లెక్కా ఆగిపోతుంది. మా ప్రోగ్రాంలో ఒక్కో బటన్‌ను ఒక్కో కోర్ చూసుకుంది. ఎడమ బటన్ కోర్ లెక్క వెనకబడింది. వెనకబడితే సంఖ్య చిన్నది. చిన్న సంఖ్య వచ్చినవాళ్లే ముందు నొక్కినట్టు మేము రాసిపెట్టాం! ముందు ప్రశ్నల్లో ఇద్దరి మధ్య తేడా ఎక్కువ కాబట్టి ఇది బయటపడలేదు.

2008 చివర్లో వచ్చిన నెహాలెం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో వేగం మారినా, కోర్ నిద్రపోయినా ఈ కౌంటర్ ఆగదు. అయినా నేరుగా చదవడం కన్నా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగడమే మేలు. లినక్స్ ఆ కౌంటర్‌ను నమ్మొచ్చో లేదో తానే పరీక్షించుకుంటుంది, కుదరకపోతే వేరే గడియారానికి మారుతుంది. ఇప్పుడు ప్రోగ్రాంను అలాగే మార్చాం.

ఆదివారం పాప ఇంటికి వెళ్లి, అమ్మానాన్నల ముందే తప్పు ఒప్పుకుని, ఇంకో మొదటి బహుమతి ఇచ్చి వచ్చాం. ఎడమ జట్టు బహుమతి వాళ్ల దగ్గరే ఉంటుంది, వాళ్లేమీ తప్పు చేయలేదు.

ఇకమీదట ఏ బిడ్డ "నేనే ముందర" అన్నా, ఆట ఆపి చూస్తాం. ఆ రోజు మేము చేయనిది అదే.