రెండు తీగల వెంట

1982వ సంవత్సరమున, ఐండ్‌హోవెన్ నగరము నాడు కేంద్రస్థానముగా గల ఫిలిప్స్ సంస్థవారు, టెలివిజన్ పెట్టెలోని చిప్పులు ఒకదానితో నొకటి మాటాడుకొనుటకు కావలసిన తీగల సంఖ్యను తగ్గింపగోరి, రెండే రెండు తీగలపై నడచు ఐటూసీ అను బస్సును కల్పించిరి. ఆ రెంటిలో ఎస్‌డీఏ అను తీగపై సమాచారము ప్రవహించును. ఎస్‌సీఎల్ అను తీగపై నడచు క్లాకు ఆ ప్రవాహమునకు లయను కూర్చును. టెలివిజన్ పెట్టెలో పుట్టిన యీ సన్నని ఏరు నాలుగు దశాబ్దములలో ఫోనులలోనికి, ల్యాప్‌టాపులలోనికి, వేడిమిని కొలుచు పరికరములలోనికి పాయలై వ్యాపించినది.

ఒక్క ప్రశ్నను తోడు తీసికొని యీ ఏటి వెంట నడచి చూతము. రాస్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరు యొక్క తొలి నమూనాలలో, కరెంటు పోయినను వేళను మరువని గడియారము లేదు. అందుచేత ఐటూసీపై మాటాడు డీఎస్3231 అను గడియారపు చిప్పును, బిళ్ల బ్యాటరీతో సహా, దానికి తగిలించుట పరిపాటి. "ఇప్పుడు వేళ యెంత?" అని ఆ చిప్పును అడిగి, బదులు తెచ్చుకొనుటయే మన ప్రయాణము.

ఆ కంప్యూటరుపై నడచు లినక్సునందు ఐటూసీ బస్సు ఒక ఫైలువలె కనబడును. డెవ్ అను డైరెక్టరీలో ఐటూసీ-1 అను పేరుతో నున్న ఆ ఫైలును తెరచుటయే ప్రవాహమునకు ఉద్గమము. తెరచిన పిమ్మట ఐఆక్టల్ అను పిలుపుతో చిప్పు అడ్రసును, అనగా హెక్సాలో 68ని, లినక్సు మూలభాగమైన కెర్నెలునకు తెలిపి, సున్న విలువగల ఒక బైటును వ్రాసి, ఏడు బైట్లను చదివినచో, సెకను మొదలు సంవత్సరము వరకు గల లెక్క యంతయు చేతికి వచ్చును. ఇది సులభమైన దారి; కాని యిందొక లోపము కలదు. వ్రాతకును చదువునకును నడుమ బస్సు ఒక్క క్షణము విడుదలయగును. ఆ సందున మరియొక ప్రోగ్రాము అదే చిప్పును పలుకరించి, దానిలోని రిజిస్టరు సూచికను వేరొక చోటికి జరిపినచో, మనకు దక్కునది వేళ కాదు, సంబంధము లేని వేరొక అంకె. దీనిని నివారించుటకై ఆర్‌డీడబ్ల్యూఆర్ అను మరియొక పిలుపు కలదు. ఇందు ప్రతి సందేశమును అడ్రసు, ఫ్లాగులు, పొడవు, బఫరు అను నాలుగు అంశములతో వర్ణించి, అట్టి సందేశములను 42 వరకు ఒకే మూటగా కెర్నెలునకు అప్పగింపవచ్చును. ఒక సందేశమునకును మరియొకదానికిని నడుమ బస్సును విడువక, ఆరంభ సంకేతమునే మరల పలికింతురు. ఇంటర్ఫేసు అంతటిలో నాకు మిక్కిలి గౌరవము కలిగించునది యీ యేర్పాటే. తీగపై ఏమి జరుగవలెనో దానిని ఎక్కువ తక్కువలు లేక నిర్దేశించు అధికారమును ఇది సామాన్య ప్రోగ్రామరు చేతికిచ్చినది.

కెర్నెలునందు ప్రశ్న ఎక్కువసేపు నిలువదు. బఫరులను తన మెమొరీలోనికి నకలు చేసికొని, ఇతరులెవ్వరును చొరబడకుండ బస్సును లాకుచేసి, ఆ బోర్డునకు తగిన డ్రైవరునకు మూటను అందించి కెర్నెలు తప్పుకొనును. రాస్‌బెర్రీ పై మొదటి నమూనాలోని బీసీఎమ్2835 చిప్పునందు ఈ పనికై బీఎస్‌సీ అను కంట్రోలరు కలదు. అడ్రసునకొక రిజిస్టరు, పొడవునకొకటి, 16 బైట్లు పట్టు ఫిఫో అను వరుస ఒకటి, వేగమును నిర్ణయించు భాజకమొకటి: 250 మెగాహెర్ట్జుల క్లాకును 2500 చేత భాగించినచో 100 కిలోహెర్ట్జులు, అనగా ఐటూసీ ప్రమాణవేగము, సిద్ధించును. నెమ్మదిగా పనిచేయు చిప్పు ఎస్‌సీఎల్ తీగను క్రిందికి పట్టి "ఆగుము" అనుట ఐటూసీ ధర్మమే. ఈ కంట్రోలరు ఆ విన్నపమును అన్నివేళల సరిగా పాటింపకపోవుట చింతింపదగిన కొరత. వేగము తగ్గించుకొనుటయో, వేరు పిన్నులపై సాఫ్ట్‌వేరుతోనే బస్సును నడపుకొనుటయో తప్ప దానికి మార్గాంతరము లేదు.

ఇక ప్రవాహము కంటికి కనబడు తావునకు వచ్చినది. పిన్నుల వరుసలో 3వది ఎస్‌డీఏ, 5వది ఎస్‌సీఎల్, రెంటిని 1.8 కిలోఓముల రెసిస్టరులు 3.3 వోల్టులకు ఎత్తిపట్టియుండును. ఈ తీగలను క్రిందికి లాగుటయో, విడిచిపెట్టుటయో తప్ప, పైకి నెట్టు పని ఏ చిప్పునకును లేదు. ఇరువురొకేసారి పలికినను షార్టు కాకపోవుటకు ఇదియే కారణము. ఎస్‌సీఎల్ పైనుండగా ఎస్‌డీఏ క్రిందికి దిగుట ఆరంభ సంకేతము. పిమ్మట 1101000 అను ఏడు బిట్లు, వాని వెనుక వ్రాతకు గుర్తుగా ఒక సున్న. తొమ్మిదవ క్లాకున కంట్రోలరు తీగను విడిచి వేచియుండును. ఆ అడ్రసు గల చిప్పు ఉన్నచో తీగను క్రిందికి లాగి "విన్నాను" అనును, లేనిచో తీగ పైననే నిలిచి, ప్రోగ్రామునకు ఎర్రరు మరలివచ్చును. పిదప రిజిస్టరు సంఖ్య, మరల ఆరంభము, మరల అడ్రసు, ఏడు బైట్ల సమాధానము: అంతయు కలిసి ఇంచుమించు ఒక మిల్లీసెకను.

గడియారపు చిప్పును రూపొందించినవారి దూరదృష్టి ఇచ్చట తెలియును. ఆరంభ సంకేతము విన్నంతనే అది తన వేళను వేరొక రిజిస్టరుల వరుసలోనికి నకలు చేసికొనును. కావున మనము చదువుచుండగా 59వ సెకను దాటి నిమిషము మారినను, ఒకే మూటలో వచ్చిన ఏడు బైట్లును ఒకే క్షణమునకు చెందినవై యుండును. వేరువేరుగా అడిగినవారికి ఆ హామీ లేదు. మరలివచ్చిన మొదటి బైటు హెక్సాలో 59 అయినచో అది 59 సెకనులే. ఒక్కొక్క అంకెను నాలుగేసి బిట్లలో దాచు బీసీడీ పద్ధతి నెరుగని ప్రోగ్రాము దానిని 89 అని చదువును.

ఇంత దూరము వచ్చినపిమ్మట, దారిలో కాపలా యెచ్చట నున్నదని విచారింపవలసియున్నది. ఆ గడియారమును కెర్నెలులోని డ్రైవరు ఇదివరకే చేపట్టియున్నచో, సులభమార్గమున అడ్రసు తెలుపగానే "బిజీ" అను ఎర్రరు వచ్చును. బస్సుపై నున్న చిప్పులను వెదకు ఐటూసీడిటెక్ట్ అను ప్రోగ్రాము చూపు పట్టికలో ఆ స్థానమున యూయూ అని కనబడును. నేను కొనియాడిన ఆర్‌డీడబ్ల్యూఆర్ మార్గమున ఆ కాపలా లేదు. ఆ చిప్పు ఎవరి అధీనమున నున్నదని అడుగకయే కెర్నెలు మూటను పంపివేయును. బస్సుపై చేయబడు చిన్న పరీక్షలు సైతము ఎంత హాని చేయగలవో కొన్ని ఐబీఎమ్ థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాపులు చూపినవి: ఏయే చిప్పులున్నవో తెలిసికొనుటకు పంపిన పరీక్షా సందేశముల వలన, వానిలోని 24ఆర్ఎఫ్08 అను మెమొరీ చిప్పునందలి సమాచారము చెడిపోయినది. నేటి ఐటూసీడిటెక్ట్ మెమొరీ చిప్పులు వసించు 50 నుండి 5ఎఫ్ వరకు గల అడ్రసుల వద్ద వ్రాతపరీక్షను మాని, చదివి మాత్రమే చూచును.

కావున, కెర్నెలులో డ్రైవరు గల చిప్పునకు ఆ డ్రైవరునే వాడుడు. డీఎస్3231కు ఆర్‌టీసీ-డీఎస్1307 అనునది సిద్ధముగా నున్నది. డ్రైవరు లేనిచోట డెవ్ డైరెక్టరీలోని ఐటూసీ ఫైలును నిస్సంకోచముగా తెరువుడు. కాని చిప్పు డేటాషీటును ప్రక్కన పెట్టుకొని, మొదట చదువుటతో మొదలిడి, అర్థము తెలియని రిజిస్టరులో ఒక్క బైటునైనను వ్రాయకుడు.