ఎడమ కాలికీ ఓ లెక్కుంది!

శంషాబాద్ దాటాక ఔటర్ రింగు రోడ్డు మీద ముందు ఓ లారీ. దాటేద్దామని అతను యాక్సిలరేటర్ నొక్కాడు. ఇంజిన్ గట్టిగా అరిచింది. మీటర్లో ముల్లు 3 వేల నుంచి ఒక్కసారిగా 4 వేలకు ఎగబాకింది. బండి మాత్రం ఆ అరుపు తనది కాదన్నట్టు అదే వేగంతో వెళ్తోంది. కాసేపటికి ఏదో కాలిన వాసన.

పక్క సీట్లో కునికిపాట్లు పడుతున్న తండ్రి కళ్లు తెరవకుండానే అన్నాడు.

''క్లచ్ ప్లేటు అయిపోయిందిరా.''

గుంటూరు డిపోలో ముప్ఫయ్యేళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. ఆయనకు మీటరు చూడాల్సిన పనిలేదు.

అది పాత స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్. 1.8 లీటర్ల టర్బో ఇంజిన్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన కొత్తలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దాని శక్తి 150 గుర్రాలు, చక్రాన్ని తిప్పే బలం 210 న్యూటన్ మీటర్లు. ఆ బలాన్నే టార్క్ అంటారు. అతనికది చాల్లేదు. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పించి టార్క్‌ను 280 దాకా తీసుకెళ్లాడు. సైలెన్సర్ మార్చాడు, టైర్లు మార్చాడు. ఆ బలాన్ని ఇంజిన్ నుంచి గేరుబాక్సుకు అందించే క్లచ్ మాత్రం పాతదే. 210కి చేసిన ప్లేటు 280ని ఎన్నాళ్లు మోస్తుంది? తప్పు బండిది కాదు, దాని మీద బరువు పెంచినవాడిదే.

ఆదివారం తండ్రినీ భార్యనూ వెంటబెట్టుకుని మియాపూర్‌లోని గ్యారేజీకి వెళ్లాడు. మెకానిక్ బల్ల మీద మూడు రకాల ప్లేట్లు పరిచాడు.

క్లచ్ పనితనం అర్థం కావాలంటే రెండు అరచేతుల మధ్య అప్పడాన్ని ఊహించుకోవచ్చు. ఒక చెయ్యి ఇంజిన్‌తో తిరిగే ఫ్లైవీల్. రెండోది ప్రెషర్ ప్లేటు. మధ్యలో అప్పడమే క్లచ్ ప్లేటు. గట్టిగా అదిమితే మూడూ కలిసి తిరుగుతాయి. పెడల్ తొక్కితే పట్టు వదులుతుంది. పట్టు పెంచాలంటే ముఖ్యంగా మూడు దారులు. ఇంకా గట్టిగా అదమడం, ప్లేటు మీద రాపిడి ఎక్కువుండే పదార్థం వాడటం, ప్లేటు సైజు పెంచడం. ఏదీ ఊరికే రాదు. గట్టి స్ప్రింగు పెడితే పెడల్ బరువెక్కుతుంది. గరుకు పదార్థమైతే బండి కుదుపుతుంది. సైజు పెంచాలంటే లోపల చోటుండాలి.

అతని చూపు మొదటిదాని మీదే నిలిచింది. గుండ్రటి ప్లేటు కాదది. పువ్వు రేకుల్లా ఆరు సిరామిక్ బిళ్లలు. వేడికి చలించదు, 400 న్యూటన్ మీటర్లు దాటినా పట్టు వదలదు.

''రేపు పెద్ద టర్బో పెట్టినా తట్టుకుంటుంది సార్'' అన్నాడు మెకానిక్.

రెండోది కెవ్లార్. ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే కొత్తలో చాలా ఓపికగా అలవాటు చేయాలి. ఒక్కసారి అతిగా వేడెక్కితే పైభాగం అద్దంలా నున్నగా మారి జారడం మొదలెడుతుంది. మూడోది మామూలు బండ్లలో ఉండే ఆర్గానిక్ రకమే, కాకపోతే పెద్ద సైజు.

''మొదటిదే వేసెయ్. ఎందుకైనా మంచిది'' అన్నాడు అతను.

తండ్రి ఆ బిళ్లల మీద బొటనవేలితో రాసి చూశాడు.

''ఒరేయ్, ఏడాదిలో ఎన్ని రోజులు రేసుకు తీసుకెళ్తావు దీన్ని?''

''ఒకసారి... చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి.''

''మిగతా 364 రోజులు?''

జవాబు కోసం చూడకుండా ఆయన కోడలి వైపు తిరిగాడు. వారానికి మూడు రోజులు కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు ఆ కారు నడిపేది ఆమే.

గ్యారేజీలో ఓ మూల అచ్చం అలాంటి సిరామిక్ క్లచ్ వేసిన మరో కారుంది. ''కూర్చుని చూడండి మేడమ్'' అని తాళాలిచ్చాడు మెకానిక్. పెడల్ తొక్కింది. పూర్తిగా కిందికి వెళ్లేసరికి కాలు వణికింది. మెల్లగా వదలబోయింది. మెల్లగా అన్నదే లేదు అందులో! పట్టుకుంటే పట్టుకుంది, లేకపోతే లేదు. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మూడుసార్లూ అంతే.

''పొద్దున జేఎన్టీయూ సిగ్నల్ దగ్గర ఇదేనా మావయ్యా?'' అంది దిగుతూ.

ఆయన నవ్వలేదు. ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. నాలుగేళ్ల క్రితం ఆపరేషనైన మోకాలది. ''పాత బస్సుల్లో క్లచ్ తొక్కాలంటే సీట్లోంచి సగం లేవాల్సొచ్చేది. విజయవాడ బెంజి సర్కిల్ దాటేలోపు ఎన్నిసార్లు తొక్కేవాణ్నో! డాక్టరు వయసు వల్ల అన్నాడు. నా లెక్క నాది.''

ఇన్నేళ్లలో ఆ లెక్క ఇంట్లో ఎవరికీ చెప్పలేదాయన. కొడుకు తలొంచుకుని మూడో ప్లేటు చేతిలోకి తీసుకున్నాడు.

దాని వెడల్పు 228 మిల్లీమీటర్లు. ఫోక్స్‌వ్యాగన్ సంస్థ తన ఆరు సిలిండర్ల వీఆర్6 ఇంజిన్‌కు వాడిన క్లచ్ అది. దానికి సరిపడే ఫ్లైవీల్ వేస్తే ఈ 1.8 టర్బో బండ్లకూ అమరుతుంది. ఈ ఇంజిన్‌ను ముద్దు చేసుకునేవాళ్లు ఎన్నో దేశాల్లో ఎన్నో ఏళ్లుగా పాటిస్తున్న చిట్కానే. 280కి సరిపోను, పైన కాస్త మిగులు కూడా. పెడల్ కొద్దిగానే బరువెక్కుతుంది. మధ్యలో స్ప్రింగులున్న ప్లేటు కాబట్టి కుదుపు తెలియదు.

అయితే ఓ చిక్కు ఉంది. పాత ఫ్లైవీల్ రెండు ముక్కలది. మధ్యలో స్ప్రింగులుండి ఇంజిన్ అదురును మింగేస్తుంది. కొత్తది ఒకే ముక్క. బండి న్యూట్రల్‌లో ఉంటే గేరుబాక్సులో చిన్న గలగల వినిపిస్తుంది. ''వంటింట్లో గిన్నెల చప్పుడుతో బతకడం లేదూ... ఇదీ అంతే'' అంది భార్య.

గేరుబాక్సు దించడానికే సగం కూలి. అందుకే దించినప్పుడే రిలీజ్ బేరింగూ, ఇంజిన్ వెనకాల ఆయిల్ సీలూ మార్పించమన్నాడు తండ్రి. ఆ సీలు కారితే ఎంత మంచి ప్లేటైనా నూనెకు జారిపోతుంది మరి. ఫ్లైవీల్ బోల్టులు కూడా కొత్తవే వేశాడు మెకానిక్. ఒకసారి బిగించినవి సాగుతాయి, మళ్లీ వాడకూడదు.

బండి చేతికిస్తూ ఓ షరతు పెట్టాడు. ''800 కిలోమీటర్లు ఊళ్లోనే తిప్పండి సార్. పరుగులొద్దు. ఆగుతూ సాగుతూ ఉంటేనే ప్లేటు ఫ్లైవీల్‌కు అలవాటుపడుతుంది.''

ఊళ్లో ఆగుతూ సాగుతూ... ఆ పని చేయడానికి కూకట్‌పల్లి ట్రాఫిక్‌ను మించింది లేదు. అలా రేసు కారు క్లచ్‌కు ఓనమాలు నేర్పింది, ఏనాడూ రేసు చూడని భార్యే! రోజూ సాయంత్రం అతను కిలోమీటర్లు లెక్కేసుకునేవాడు.

రెండు నెలల తర్వాత మళ్లీ అదే ఔటర్. మళ్లీ ముందు ఓ లారీ. స్టీరింగ్ ఆమె చేతిలో ఉంది. నాలుగో గేరులో యాక్సిలరేటర్ నొక్కింది. ముల్లూ బండీ కలిసే కదిలాయి. లారీ వెనకబడింది. వెనక సీట్లోంచి అతను ముందుకు వంగి మీటరు చూస్తున్నాడు.

పక్క సీట్లో తండ్రి కళ్లు మూసుకునే ఉన్నాడు.

''ఆ... ఇప్పుడు పట్టింది'' అన్నాడు.